ఛాతీ మీద చెయ్యి వేసే డాక్టరేరీ?

ఏవర్రా, పొద్దున్నే లేచి మణికట్టు గడియారం చూసుకుని రాత్రి నా గుండె యాభై ఎనిమిదికి దిగిందని ఒకడూ, నాది అరవై రెండు దగ్గరే ఆగిందని ఒకర్తీ చెప్పుకుంటున్నారు గదా, ఆ గుండె ఏ పక్కనుందో చెయ్యి పెట్టి చూపించండి చూద్దాం. మా రోజుల్లో ఇలా ఎవడి గుండె వాడు లెక్కబెట్టుకుంటూ కూర్చోలేదు. ఆ పని డాక్టరుది. ఆయన దగ్గరికి వెళ్తే ముందు కూర్చోమనేవాడు. కనురెప్ప కిందికి లాగి చూసేవాడు, నాలుక చాపమనేవాడు, గోళ్ళు చూసేవాడు, పాదం మీద వేలితో నొక్కి గుంట పడిందా లేదా అని చూసేవాడు. ఆ తర్వాత చెయ్యి పట్టుకుని గోడ గడియారం కేసి చూస్తూ చాలాసేపు నిశ్శబ్దంగా ఉండిపోయేవాడు. ఆ కాసేపూ గదిలో ఎవరూ దగ్గేవాళ్ళు కాదు. స్టెతస్కోపు చివరాఖరుకి వచ్చేది, ఛాతీకి చల్లగా తగిలేది. ఊపిరి తియ్యి, వదులు, వదిలి పట్టు. ఇంత తతంగం అయ్యాకే కాగితం మీద కలం పెట్టేవాడు.

పోయినేడు మావాళ్ళు నన్నొక పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. అద్దాల తలుపులు, చల్లటి గాలి, నా పేరు పిలవడానికి ఒక యంత్రం. ముందే రక్తం తీశారు, ఈసీజీ తీశారు, ఎకో తీశారు, డబ్బు కట్టించుకున్నారు. డాక్టరు గారి గదిలోకి వెళ్తే ఆ అబ్బాయి కంప్యూటరు తెర మీంచి కళ్ళు తిప్పలేదు. మెడలో స్టెతస్కోపు ఉంది, మెడలోనే ఉండిపోయింది. నా చొక్కా గుండీ ఒక్కటీ విప్పే పని పడలేదు. మందుల చీటీ అచ్చయి వచ్చింది, మేం బయటికొచ్చేశాం. జబ్బు కనిపెట్టలేదని నేననడం లేదు, మందు సరైనదే ఇచ్చాడు, ఇవాళ ఇలా కూర్చుని మిమ్మల్ని తిడుతున్నానంటే ఆ మందు వల్లే. కానీ ఒక మనిషి తన గుండె బాగాలేదని వస్తే ఆ గుండె మీద చెయ్యి వేయకుండా పంపేయడం నా వయసువాడికి మింగుడు పడదు.

అందుకే మీకు పద్మావతి గారి సంగతి చెప్పాలి. ఎవరా పద్మావతి అని ఫోన్లు తీయకండి, కాసేపు అవి పక్కన పెట్టండి, నేనున్నాను గదా. సినిమా హీరో పుట్టినరోజుకి వీధి మొగలో ఇంతెత్తు ఫ్లెక్సీ కడతారే, మన దేశంలో మొట్టమొదటి మహిళా హృద్రోగ నిపుణురాలి పేరు మీలో ఒక్కరికీ తెలియకపోవడం నాకు నిజంగా కష్టంగా ఉంది. శివరామకృష్ణ అయ్యర్ పద్మావతి. 1917 జూన్ 20న బర్మాలోని మాగ్వేలో పుట్టారు. నాన్నగారు బారిస్టరు. తమిళుల కుటుంబం. ఆ రోజుల్లో బర్మా అంటే మనకు పరాయి ఊరు కాదర్రా. విశాఖ, శ్రీకాకుళం, గోదావరి జిల్లాల నుంచి ఎంతమంది ఓడెక్కి రంగం, అంటే రంగూను, వెళ్ళి మిల్లుల్లోనూ, రేవుల్లోనూ పనిచేశారో. ఇంటికొకడు రంగం పోయినవాడుండేవాడు. ఆ రంగంలోనే, రంగూన్ మెడికల్ కాలేజీలోనే ఈవిడ ఎంబీబీఎస్ చదివారు. ఆడపిల్లను పై ఊరు బడికి పంపాలంటేనే ఇళ్ళల్లో పంచాయితీలు జరిగే కాలం అది.

చదువయ్యేసరికి యుద్ధం వచ్చిపడింది. జపాను వాళ్ళు బర్మా మీద పడ్డారు. 1942లో మనవాళ్ళు వేలకు వేలు అడవుల్లోంచి, కొండల మీంచి నడిచి వచ్చారు, నడవలేనివాళ్ళు దారిలోనే రాలిపోయారు. పద్మావతి గారు, వాళ్ళమ్మగారు, అక్కచెల్లెళ్ళు విమానంలో బయటపడి కోయంబత్తూరు చేరారు. ఇంటి మగవాళ్ళు అక్కడే ఉండిపోయారు. వాళ్ళు మళ్ళీ కలుసుకునే దాకా ఆ ఆడవాళ్ళు ఎలా గడిపి ఉంటారో ఆలోచించండి. మీకేమో అవతలివాడు మెసేజి చూసి జవాబివ్వకపోతే పావుగంటకే ప్రాణం పోతుంది.

యుద్ధం అయ్యాక, 1949లో లండన్ వెళ్ళారు. అక్కడ ఎఫ్ఆర్‌సీపీ అనే పెద్ద డాక్టరీ పట్టా చేశారు, ఎడిన్‌బరోలోనూ చేశారు. లండన్ నేషనల్ హార్ట్ హాస్పిటల్లో పని చూశారు. గుండె మీద గురి కుదిరింది అక్కడే. స్వీడన్ వెళ్ళి కొన్నాళ్ళు నేర్చుకున్నారు. అంతటితో తృప్తి పడక, అమెరికాలో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్‌కి, హెలెన్ టాసిగ్ అనే మహాతల్లి దగ్గరికి శిష్యరికానికి వెళ్ళారు.

ఈ టాసిగ్ గారి గురించి చెప్పకుండా ముందుకు పోలేను. ఆవిడ 1898లో పుట్టారు. చిన్నప్పుడు అక్షరాలు పట్టుబడక నానా అవస్థా పడ్డారు. పదకొండో ఏట తల్లి క్షయతో పోయింది. డాక్టరీ చదువుతానంటే హార్వర్డ్ వాళ్ళు ఆడవాళ్ళకు డిగ్రీ ఇవ్వమన్నారు. వాళ్ళ వైద్య కళాశాల ఆడపిల్లల్ని చేర్చుకున్నది 1945లో. ఈవిడ హాప్‌కిన్స్‌లో చదివి 1927లో డాక్టరయ్యారు, పిల్లల గుండె జబ్బుల క్లినిక్కు చూసుకునే బాధ్యత తీసుకున్నారు. అప్పుడు మొదలైంది చెవుడు. గుండె డాక్టరుకు చెవి పోతే ఇంకేముంటుంది చెప్పండి? ఇంకొకరైతే ఉద్యోగం మానేసేవారు. ఆవిడ ఎదుటివాళ్ళ పెదవుల కదలిక చూసి మాట అర్థం చేసుకోవడం నేర్చుకున్నారు, ధ్వని పెంచే స్టెతస్కోపు వాడారు, అది చాలక పిల్లల ఛాతీ మీద అరచెయ్యి వేసి, వేళ్ళతో గుండె లయ పట్టడం నేర్చుకున్నారు. చేత్తో విన్నారన్నమాట. ఇరుకైన కవాటంలోంచి రక్తం దూసుకుపోతుంటే, ఛాతీ మీద పెట్టిన చెయ్యికి ఒళ్ళో పడుకున్న పిల్లి గురగుర లాంటి అదురు తెలుస్తుంది. తెలియాలంటే చెయ్యి పెట్టాలి కదా!

ఆ రోజుల్లో పెదాలూ గోళ్ళూ నీలంగా ఉండే పిల్లలు పుట్టేవాళ్ళు, నాలుగడుగులు వేసి గొంతుక్కూర్చుండిపోయేవాళ్ళు. చెడు రక్తం ఊపిరితిత్తులకు సరిగ్గా చేరకపోవడమే దానికి కారణమని టాసిగ్ పసిగట్టారు. చేతికి వెళ్ళే రక్తనాళాన్ని మళ్ళించి ఊపిరితిత్తుల నాళానికి కలిపితే పిల్ల బతుకుతుందన్నది ఆవిడ ఆలోచన. కోసి కుట్టే చెయ్యి శస్త్రవైద్యుడు బ్లాలాక్‌ది. ఆ కుట్టు ఎలా వేయాలో ముందు కుక్కల మీద చేసి చూసి, ఆపరేషను వేళ బ్లాలాక్ వెనకాల నిలబడి ఒక్కొక్క అడుగూ చెప్పింది వివియన్ థామస్ అనే నల్లజాతి సాంకేతిక సహాయకుడు. ఆయనకు కాలేజీ డిగ్రీ లేదు. 1944 నవంబరు 29న మొదటి ఆపరేషను జరిగింది. చెవులు సరిగా లేని ఒక ఆడమనిషి, డిగ్రీ లేని ఒక మనిషి కలిసి చేసిన పని అది. ఇప్పుడు రోజుకో సర్టిఫికెట్టు ఆన్‌లైన్లో సంపాదిస్తున్న మీకు ఇది చెప్పాలనిపించింది.

అలాంటావిడ దగ్గర నేర్చుకుని, 1952లో పద్మావతి గారు హార్వర్డ్‌లో పాల్ డడ్లీ వైట్ దగ్గరికెళ్ళారు. అమెరికా అధ్యక్షుడు ఐజెన్‌హోవర్‌కి 1955లో గుండెపోటు వచ్చినప్పుడు చూసిన డాక్టరు ఆయనే. నడవండి, సైకిలు తొక్కండి, లావెక్కకండి అని పేషెంట్ల వెంటపడి చెప్పిన మనిషి. జబ్బు వచ్చాక కోయడం కన్నా రాకుండా చూడటం మేలని ఈవిడకు ఒంటబట్టింది ఆయన దగ్గరేనని నేననుకుంటాను.

ఇలాంటి గురువుల దగ్గర చదివిన మనిషి అక్కడే ఉండిపోతే ఎవరు కాదంటారు? ఇప్పటి పిల్లలు వీసా కాగితం రాకముందే ఇక్కడి మంచం అమ్మేస్తున్నారు. ఈవిడ 1953లో తిరిగొచ్చారు. అప్పటి కేంద్ర ఆరోగ్య మంత్రి రాజకుమారి అమృత్ కౌర్ ఢిల్లీలోని లేడీ హార్డింజ్ మెడికల్ కాలేజీలో ఉద్యోగం ఇచ్చారు. 1916లో మొదలైన ఆ కాలేజీ ఆడవాళ్ళ కోసం పెట్టింది. మగ డాక్టరు ముందు రవిక ముడి విప్పడమంటే చావడమే నయమనుకునే ఆడవాళ్ళు అక్కడికొచ్చేవాళ్ళు. 1954లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ సాయంతో అక్కడ గుండె క్లినిక్కు, దాంతోపాటు క్యాథ్ ల్యాబ్ పెట్టారు. ఉత్తర భారతంలో అదే మొదటిది.

క్యాథ్ ల్యాబ్ అనగానే మీకు స్టెంటు గుర్తొస్తుంది. అప్పటికి మూసుకుపోయిన గుండె నాళం తెరిచే స్టెంటు లేదు, బెలూనూ లేదు, బెలూను 1977లో గ్రూన్‌ట్సిగ్ జూరిచ్‌లో వేశాకే వచ్చింది. అప్పుడు ఆ గది కొలిచే గది. చేతి దగ్గర సిరలోంచి సన్నటి గొట్టం పంపి, ఎక్స్‌రే కింద చూసుకుంటూ గుండె కుడి గదుల్లోకి తీసుకెళ్ళి, ఏ గదిలో ఎంత పీడనం ఉంది, రక్తంలో ఎంత ఆమ్లజని ఉంది అని కొలిచేవాళ్ళు. 1929లో జర్మనీలో ఫోర్స్‌మన్ అనే కుర్ర డాక్టరు తన చేతిలోంచి తన గుండెలోకే గొట్టం తోసుకుని మెట్లు దిగి ఎక్స్‌రే గదికి నడిచెళ్ళాడట. ఆ గొట్టాన్ని పనికొచ్చే సాధనం చేసినందుకు ఆయనతోపాటు కూర్నాండ్, రిచర్డ్స్ అనే ఇద్దరికి 1956లో నోబెల్ వచ్చింది. అంటే నోబెల్ రావడానికి రెండేళ్ళ ముందే మన ఢిల్లీలో ఒక ఆడమనిషి ఆ పని చేస్తోందన్నమాట. ఇంకొకటి గమనించండి. ఎవరికి గొట్టం వేయాలో, ఎవరికి అక్కర్లేదో తేల్చడానికి ముందు చెయ్యీ చెవీ వాడాల్సిందే. రోగిని ఎడమ పక్కకి ఒత్తిగిల్లమని, స్టెతస్కోపు గంట భాగం ఒత్తకుండా తేలిగ్గా ఆనించి, ఊపిరి వదిలి పట్టమని వింటే, కవాటం ఇరుకైనప్పుడు ఒక బొంగురు సవ్వడి లోతుగా వినిపిస్తుంది. నిశ్శబ్దం కావాలి, ఓపిక కావాలి. ఆ రెండూ ఇప్పుడెక్కడ దొరుకుతాయి?

ఆ కవాటం ఎందుకు ఇరుకవుతుందో వినండి, ఇది మీ పిల్లలకు సంబంధించింది. అయిదేళ్ళ నుంచి పదిహేనేళ్ళ పిల్లలకు గొంతులో స్ట్రెప్టోకాకస్ అనే క్రిమి చేరుతుంది. గొంతునొప్పి, జ్వరం, తగ్గిపోతుంది. కొందరికి రెండు మూడు వారాలకు మోకాలు వాస్తుంది, అది తగ్గి చీలమండ, అది తగ్గి మోచెయ్యి. కీళ్ళవాతం అంటారు మనవాళ్ళు. కీళ్ళు బాగుపడతాయి, గుండె కవాటం మాత్రం దెబ్బతిని ఏళ్ళ తరబడి గట్టిపడుతూ పోతుంది. ఇరుకిళ్ళల్లో, ఒకే గదిలో ఏడెనిమిది మంది పడుకునే చోట ఆ క్రిమి ఎక్కువ. ఆ పిల్ల పెద్దదై, పెళ్ళయి, కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం పెరిగేసరికి గుండె తట్టుకోలేక ఆయాసం ముంచుకొస్తుంది. పెద్దవాళ్ళు గాలి సోకిందనో, దిష్టనో అనేవాళ్ళు. ఇరవయ్యో ఏట అలా పోయిన ఆడపిల్లల్ని మా ఊళ్ళో నేనెరుగుదును. పద్మావతి గారు ఆ జబ్బు వెంట ఏళ్ళ తరబడి పడ్డారు, ఆసుపత్రికి వచ్చినవాళ్ళను చూడటంతో ఆగక బడిపిల్లల్లో వెతికించారు. మూడు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజక్షను ఇస్తే మళ్ళీ తిరగబెట్టదు. చవకైన మందు.

ఇక అసలు సంగతి, నాకు ఆవిడంటే ఇంత గౌరవం కలగడానికి కారణం, పొయ్యి. ఢిల్లీ ఆసుపత్రికి కొందరు ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు. కాళ్ళు వాచి, పెదాలు నల్లబడి, మెడ నరాలు ఉబ్బి, దగ్గుతో. ఊపిరితిత్తులు చెడిపోయి వాటిలోకి రక్తం తోయలేక గుండె కుడి భాగం పెద్దదై అలిసిపోయే జబ్బు అది. కార్ పల్మొనేల్ అంటారు డాక్టర్లు. విలాయతీ పుస్తకాల ప్రకారం అది చుట్టా సిగరెట్టూ తాగే ముసలి మగవాళ్ళ జబ్బు. వీళ్ళలో చాలామంది పొగాకు ముట్టనివాళ్ళు, పైగా వయసులో ఉన్నవాళ్ళు. కొలతలతోనే సరిపెట్టుకుని ఉంటే పీడనం ఎక్కువైందని రాసి ఊరుకోవచ్చు. ఈవిడ ఇంటి సంగతి అడిగారు. వంట దేనితో చేస్తారు, పొయ్యి ఎక్కడుంది, కిటికీ ఉందా? పిడకలు, కట్టెలు, తలుపేసిన గది, చిన్నప్పట్నుంచీ పొయ్యి ముందే. 1959లో 127 కేసుల మీద ఆవిడ, పాఠక్ అనే సహచరుడు కలిసి రాసిన పరిశోధన అమెరికా హార్ట్ అసోసియేషన్ పత్రికలో వచ్చింది. ఇంటి పొగ వల్ల 2020లో 32 లక్షల మంది పోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క చెప్పింది. ఈ మాట లోకం చెవికెక్కడానికి దశాబ్దాలు పట్టింది. ఆవిడ అప్పుడే చెప్పారు.

మా అమ్మ ఊదుగొట్టం పట్టుకుని పొయ్యి ముందు కూర్చునేది. కళ్ళు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. వానాకాలం కట్టెలు తడిసి ఒకటే పొగ, గోడలు నల్లగా మసిబారి, పైకప్పు నుంచి మసి బూజు వేలాడుతుండేది. ఆ కట్టెల పొయ్యి మీద పప్పు రుచి ఇప్పటి కుక్కరులో రాదని నేను ఎన్నిసార్లన్నానో మీకు తెలుసు, మళ్ళీ అంటాను, రాదు. కానీ అమ్మ రాత్రిళ్ళు మంచం మీద లేచి కూర్చుని దగ్గడం కూడా నాకు గుర్తే. ఆమెను ఏ డాక్టరూ పొయ్యి సంగతి అడగలేదు. 1999లో దీపం పథకం కింద గ్యాసు సిలిండర్లు వచ్చి ఊళ్ళో ఆడవాళ్ళు నిటారుగా నిలబడి వంట చేస్తుంటే చూసి, మా రోజుల్లో ఉన్నవన్నీ మంచివే అని అనబుద్ధి కాలేదు. పొయ్యి పోవడం మంచిదే. పొయ్యి సంగతి అడిగే డాక్టరు కూడా దాంతోపాటే పోయిందెందుకన్నదే నా గోల.

మళ్ళీ పద్మావతి గారి సంగతికొస్తే, ఆవిడ మౌలానా ఆజాద్ మెడికల్ కాలేజీకి 1967లో అధిపతిగా వెళ్ళారు. జీబీ పంత్ ఆసుపత్రిలో గుండె విభాగం పెంచారు. ఆలిండియా హార్ట్ ఫౌండేషను 1962లోనే స్థాపించారు, 1966లో ప్రపంచ హృద్రోగ మహాసభ ఢిల్లీలో జరిగితే దాని నిర్వహణ భుజాన వేసుకున్నారు. 1978లో రిటైరయ్యారు. మనమైతే పడక కుర్చీ కొనుక్కుంటాం. ఆవిడ 1981లో నేషనల్ హార్ట్ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. 1967లో పద్మభూషణ్, 1992లో పద్మవిభూషణ్ ఇచ్చారు. పెళ్ళి చేసుకోలేదు. తొంభై దాటాక కూడా ఈత కొట్టేవారు, రోగుల్ని చూసేవారు. మీరు రెండో అంతస్తుకి లిఫ్టు కోసం నిలబడి, అర్ధరాత్రి బిర్యానీ ఇంటికి తెప్పించుకుని, చేతి గడియారంలో గుండె లెక్క చూసుకుంటున్నారు.

ఇప్పుడంతా దిగజారిందని అనను. గుండెపోటు వచ్చినవాణ్ణి గంటలో బెలూను వేసి బతికిస్తున్నారు. 2007లో ఆరోగ్యశ్రీ పథకం వచ్చాక కూలివాళ్ళ పిల్లలకు కూడా గుండె ఆపరేషన్లు అయ్యాయి. మా రోజుల్లో ఆ పిల్లలు చచ్చిపోయేవాళ్ళు, అంతే. యంత్రాలొద్దని ఎవడన్నాడు? ఆ రోజుల్లో కొత్త యంత్రం తెచ్చి పెట్టింది ఆవిడేగా. యంత్రం పక్కన కుర్చీ వేసుకుని రోగి మాట వినే తీరిక కూడా ఆవిడకు ఉండేది. మీ డాక్టర్లకు అది లేకుండా చేసింది మీరు కూడానర్రా. గంటకు ఇంతమందిని చూడాలని లెక్కలు కట్టే ఆసుపత్రులకే ఎగబడతారు, పరీక్ష రాయని డాక్టరును డాక్టరే కాదంటారు. ఊళ్ళో ఓపికగా చూసే ముసలి ఎంబీబీఎస్ దగ్గర ఎవడూ ఉండడు.

2020 ఆగస్టు 29న ఢిల్లీలో, తాను కట్టిన ఆసుపత్రిలోనే పద్మావతి గారు పోయారు. కరోనా రెండు ఊపిరితిత్తులకూ పాకింది. ఆవిడకు 103 ఏళ్ళు. ఆ వారం మీ ఫోన్లలో ఏం చూశారో నాకు తెలియదు గానీ, ఈ వార్త మాత్రం చూడలేదని ఒట్టేసి చెప్పగలను.

సరే, తిట్టింది చాలు. ఒక్క పని చేయండి. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో, మీ ఇంటికి పనికొచ్చే అమ్మాయి ఇంట్లోనో ఏ పిల్లకైనా గొంతునొప్పి వచ్చి తగ్గాక కీళ్ళు ఒకటి తర్వాత ఒకటి వాస్తుంటే, ఎదిగే నొప్పులని ఊరుకోకండి. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ఛాతీ విని చూడమని అడగండి, మొహమాటపడకండి. మూడు వారాలకోసారి ఇంజక్షను అంటే, పిల్ల ఏడ్చినా, నొప్పి తగ్గిందనిపించినా, డాక్టరు ఆపమనే దాకా ఒక్కటి కూడా తప్పించకండి.